పాలు పొంగించిన ఇనప మూకుడు

మా పేటలో అందరూ కరెంటు అప్పన్న అని పిలుచుకునే అప్పన్న గారు రెండు వారాల కిందట ఒక ఉదయం కన్నుమూశారు. కబురు వచ్చేటప్పటికి నా కరెంటు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మీట ఆపేశాను. ఆ పొయ్యికీ, ఈ అక్షరాలకీ ఆయనే కారణం.

లైన్‌మేనుగా పదవీ విరమణ చేశాక, పేద ఇళ్లకు ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే ఇండక్షన్ కరెంటు పొయ్యిలకూ, తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాన్లకూ ఆయన దరఖాస్తులు రాసిపెట్టేవారు. ప్రతిఫలం ఆశించని మనిషి. మృదుభాషి మాత్రం కారు.

కట్టెల పొగకు నా కళ్లు దెబ్బతిన్నాయి. ఆ పొయ్యి మానకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. దరఖాస్తు పట్టుకెళ్లి వేలు చాచాను. ఆయన సిరా డబ్బా మూసేశారు.

"వేలెయ్యకు. పేరు రాయి."

"యాభై దాటినాయి బావా, ఇప్పుడేటి సదువు?"

"నీ వేలు ఎవలు పట్టుకు నొక్కినా పడతాది. మొన్న ఒకలి పేరు మీదొచ్చిన ఫేను ఇంకొకలింట్లో తిరగతన్నాది. నేర్సుకొని రా!"

మొదటి విడత నాకు తప్పిపోయింది. ఆయనను తిట్టుకుంటూనే పలక కొన్నాను. ఆయన అరుగు మీదే కూర్చుని దిద్దాను.

ఈలోగా మొదటి విడత పొయ్యిలు వచ్చాయి. కొత్త పొయ్యి మీద ముందుగా పాలు పొంగించడం మా ఆచారం. అందరూ సత్తు గిన్నెల్లో పాలు పెట్టారు. ఒక్క ఇంట్లోనూ పొంగలేదు సరికదా, గోరువెచ్చన కూడా కాలేదు. పాలు పొంగని పొయ్యి ఇంటికి అరిష్టమన్నారు. మధ్యాహ్నానికి పొయ్యిలన్నీ తిప్పి పంపడానికి వీధిలో పోగుపడ్డాయి. అవి వెనక్కి పోతే మా పేటకు రెండో విడత రాదు. నా పేరు ఉండవలసింది అందులోనే.

అప్పన్న గారు వచ్చారు. పొందూరు తువ్వాలు కొసన ముడివేసుకున్న అయస్కాంతం తీశారు. అది పాడైన స్పీకరులోది. మా పొరుగు పోలమ్మ ఇంట్లో గిన్నె గిన్నెకూ ఆనించారు. ఏదీ పట్టలేదు. చివరికి గోడకు వేలాడుతున్న చదునడుగు ఇనప మూకుడికి టక్కున అతుక్కుంది.

"ఇదుగో, ఇందులో పెట్టు పాలు."

"సీ! సేపలేపిన మూకుట్లో పాలేటి బావా? గంగమ్మకి కోపమొస్తాది!"

"గంగమ్మ ఉండేదే సంద్రంలో. ఆ తల్లికి సేప వాసన కొత్తేటే? తోమి తే!"

వీధి వీధంతా నవ్వింది. పాలు పొంగి పొయ్యి మీదికి పొర్లాయి. పోలమ్మ పొయ్యికి పసుపు రాసింది.

"ఇది అతుక్కున్న గిన్నే పొయ్యికి గిన్నె. అతక్కపోతే దానికి కనబడదు" అని ఆయన అయస్కాంతం చూపిస్తూ ఇంటింటికీ చెప్పి వచ్చారు. సాయంత్రానికి వీధిలో ఒక్క పొయ్యీ మిగల్లేదు.

రెండో విడతలో నా పేరు నేనే రాశాను. అక్షరాలు కొండెక్కినట్టు పైకి పోయాయి. ఆయన దిద్దలేదు.

"ఉండనీ. ఇంకెవలూ ఇలగ రాయలేరు" అన్నారు.

ఆయన పెద్ద దినం నాడు, ఆయన భార్య ఆ అయస్కాంతం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ నిష్ఠ, ఆ ఓపిక నాకు లేవు. ఆయన లేని లోటు పూడేది కాదు. నిన్న ఒకామె ఫ్యాను దరఖాస్తుతో నా దగ్గరికి వచ్చి వేలు చాచింది.

లోపలికి వెళ్లి నా పలక తెచ్చి ఇచ్చాను.