ఇస్త్రీ బల్ల కింద ఆదివారం

వారంలో ఆరు రోజులు తెల్లవారకముందే లేచి హైవే మీద బస్సు కోసం నిలబడే మనిషికి ఆదివారం పొద్దుటి నిద్ర ఏమిటో వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు. టెక్కలిలో మా రెండు గదుల ఇంట్లో ఆ నిద్రకు ఒక్కటే శత్రువు ఉండేది. ఇస్త్రీ పెట్టె.

మా ఆవిడ చర్చిలో స్త్రీల సమాజం సభ్యురాలు. ఆదివారం ఆరాధనకు ముందే వాళ్లకు వేరే ప్రార్థన ఉండేది. దానికి అందరూ తెల్లచీరల్లోనే వెళ్లేవారు. ఆ చీరలు గంజి పెట్టి, మడత తగిలితే వేలు తెగేటట్టు ఇస్త్రీ చేసి ఉండాలి. ఇస్త్రీ పెట్టెకు సరిపడే ప్లగ్గు ఇంట్లో ఒక్కటే, అది నా తలగడకు పైన. అందుకని చీకటితోనే నన్ను మంచం మీంచి దింపేసి, నా దుప్పటినే నాలుగు మడతలు వేసి, నేను వెచ్చచేసిన చోట ఆవిడ తన చీర పరిచేది. నేను చాప పట్టుకుని వంటింట్లోకి పోయేవాణ్ని.

ఒకసారి విశాఖపట్నంలో స్నేహితుడింటికి వెళితే, వాడు గోడకున్న చిన్న తలుపొకటి తెరిచాడు. లోపలినుంచి ఇస్త్రీ బల్ల వంతెనలా దిగింది. పనయ్యాక దాన్ని పైకెత్తి తలుపు మూసేశాడు. ఆ తలుపు వెనక నాకు బల్ల కనబడలేదు, నా నిద్ర కనబడింది.

ఇంటికొచ్చి చెప్పాను.

"గోడలోంచి బల్ల వచ్చిందేటి?" అంది మా ఆవిడ.

"వచ్చింది."

"నౌపడ సొక్కా నడిచినట్టేనా?"

ఆ చొక్కా సంగతి వీధిలో అందరికీ తెలుసు. నౌపడ ఉప్పు మడుల గట్టు మీద మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా చొక్కాకు ఉప్పు పట్టి బిగిసిపోయింది. విప్పితే తనంతట తాను నిలబడింది. దాని భుజం మీద చెయ్యి వేసి స్టేషన్ దాకా నడిపించుకొచ్చాను. ఇది జరిగిన మాటే. ఎవరూ నమ్మలేదు. అప్పట్నుంచి నేను వాన వస్తోందన్నా జనం బయటికొచ్చి ఆకాశం చూసేవారు.

మా ఆవిడ అన్నకు ఉద్దానంలో వడ్రంగం పని. నాకు బావ. కబురు పెడితే వచ్చి, గోడ తట్టి చూసి, ప్లగ్గు చూసి, మంచం చూశాడు. అటు తలుపు, ఇటు బియ్యం డ్రమ్ము. మంచం జరపడానికి చోటు లేదు.

"బల్ల దిగితే నీ మీదే దిగుద్ది బావా," అన్నాడు.

"దిగనీ. రైల్లో మిడిల్ బెర్తు కింద పడుకోవడం లేదా?"

"బెర్తు మీద మనుసులుంటారు. ఇక్కడ కాల్తన్న పెట్టుంటాది."

మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. "ముందే గోడకి కన్నాలు పెట్టకు అన్నియ్యా. ఒక ఆదివారం ఉత్తుత్తి బల్లేసి సూద్దాం. పని సాగితే గోడకి పెట్టుకుందాం. సాగకపోతే ఈయన మరా మాట ఎత్తకూడదు."

ఒప్పుకున్నాను. శనివారం సాయంత్రం బావ పనస చెక్క పలకొకటి నెత్తిన మోసుకుని వీధంతా చూస్తుండగా వచ్చాడు. పలక ఒక కొస కిటికీ గట్టు మీద, రెండో కొస బియ్యం డ్రమ్ము మీద పెట్టాం. మధ్యలో మంచం. నేను పాక్కుంటూ లోపలికి దూరితే పలక నా ఛాతీకి జానెడు ఎత్తులో నిలిచింది.

ఆదివారం పొద్దున్న మా ఆవిడ పలక మీద చీర పరిచి పని మొదలెట్టింది. నా పొట్ట మీదుగా పలాస వైపు గూడ్సు బండి పోతున్నట్టుంది. ఆవిడ చీర మీద నీళ్లు చిలకరించినప్పుడల్లా నాలుగు చుక్కలు నా ముక్కు మీద పడ్డాయి.

"ఎలగుంది?" అని పైనుంచి అడిగింది.

"స్వర్గం," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

అంతలో కరెంటు పోయింది. సగం ఇస్త్రీ అయిన చీరను పలక మీదే వదిలేసి, పక్కింట్లో బొగ్గుల పెట్టె తెస్తానని మా ఆవిడ వెళ్లింది. చీర అంచులు రెండు వైపులా నేల దాకా వేలాడుతున్నాయి. చీకటిగా, చల్లగా ఉంది. నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి గుమ్మంలో గుసగుసలు. మా ఆవిడను పిలుచుకెళ్దామని సమాజం వాళ్లు వచ్చారు, అందరూ తెల్లచీరల్లో. వాళ్లకు కనబడింది చెక్క, దాని మీద తెల్లగుడ్డ, కింద కదలకుండా రెండు పాదాలు.

"ఓలమ్మ. ఎప్పుడంట?"

"నిన్న సాయంత్రం ఆళ్ల బావ సెక్క మోసుకొత్తంటేనే అనుకున్నాను. సవప్పెట్టి సెయ్యడానికే అది."

లేవచ్చు. కాని నా గురించి ఈ వీధి ఏమనుకుంటుందో వినే అవకాశం మళ్లీ వస్తుందా? ఊపిరి బిగబట్టాను.

"మంచోడే పాపం," అంది సమాజం పెద్దమ్మ. తరవాత చాలాసేపు ఎవరికీ ఏమీ తోచలేదు.

చివరికి ఒకావిడ ముక్కు చీది, "అబద్దాలైనా ఎంత బాగా సెప్పీవాడు. సొక్కాని బస్సు దాకా నడిపించినాడు కదా," అంది.

"బస్సు కాదమ్మా, స్టేషన్ దాకా," అన్నాను.

ఆ తరవాత జరిగింది కొంచెం గందరగోళం. వెనక్కి పరిగెత్తబోయిన ఒకావిడ డ్రమ్మును గుద్దింది. పలక జారి నా మోకాళ్ల మీద పడింది. చీర నేల మీద పడింది. బొగ్గుల పెట్టె పట్టుకుని వచ్చిన మా ఆవిడ అందరినీ ఒకసారి చూసి, చీర తీసి దులిపింది. దాని మీద ఎవరిదో పాదం ముద్ర ఉంది.

"గోడకి బల్లొద్దు," అంది.

పెద్దమ్మ గుండె మీద చెయ్యి తీయకుండానే, "మా ఇంట్లో పెద్ద బల్లుందే అమ్మీ. ఇకమీదట సీర అక్కడికే తే," అంది.

అలా మంచం మొత్తం నాదైంది. మరుసటి ఆదివారం మా ఆవిడ చీర చంకలో పెట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లిపోయింది. నేను కాళ్లు బారచాపి పడుకున్నాను. నిద్ర సరిగ్గా పడుతుండగా కిటికీ దగ్గర గాజులు గలగలలాడాయి. చర్చికి పోతూ తెల్లచీరలు వరసగా లోపలికి తొంగిచూస్తున్నాయి.

"అన్నియ్యా, ఉన్నావా?"

"ఉన్నాను."

బయట గుసగుసలాడుకున్నారు. తరవాత పెద్దమ్మ గొంతు వినబడింది.

"ఆడి మాట ఎలగ నమ్ముతాం. కాలు కదపమను."

దుప్పట్లోంచి కాలు బయటపెట్టి కదిపాను. ఆ వీధిలో ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం కదుపుతూనే ఉన్నాను.