పెన్‌డ్రైవ్ పాటకు చెయ్యి ఆడించని మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఒక పోస్టరు రూపంలో వచ్చింది. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, ఆసుపత్రి ల్యాబులో రక్తం సీసాల మీద పేర్లు రాస్తుంటే ఫోను మోగింది. మా పాత ఆర్కెస్ట్రా వాట్సాప్ గ్రూపు. మాస్టారి ఫొటో, చుట్టూ పూల బొమ్మలు. నల్లగా మెరిసే పెద్ద కీబోర్డు వెనక నిలబడి, కెమెరా వైపు చూడమన్నారు కాబట్టి చూస్తున్నట్టు కొంచెం ఇబ్బందిగా నవ్వుతున్నారు. కింద రాసి ఉంది: "అనారోగ్యంతో వేదికకు దూరమైన మా కీబోర్డు మాంత్రికుడికి కన్నీటి నివాళి."

ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆ ఫొటో నాకు తెలుసు. అది తీసినప్పుడు పక్కనే ఉన్నాను. అది తీసిన పావుగంటకి ఆయన ఆ వేదిక దిగి వెళ్ళిపోయారు. అనారోగ్యంతో కాదు. ఆ రోజు ఆయనకి కనీసం జలుబు కూడా లేదు.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. తెలిసినవాళ్ళలో చాలామందికి తప్పుగా తెలుసు. రాస్తున్నది అందుకే.

ఆయన ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో, ఇనుము చెక్కే లేత్ మిషను మీద పనిచేసేవారు. సాయంత్రాలు శ్రీహరిపురంలో తన ఇంటి ముందుగదిలో కీబోర్డు నేర్పేవారు. మా నాన్న పోర్టులో పనిచేసేవాడు. చర్చిలో వాయించడానికి పనికొస్తుందని నాకు పన్నెండేళ్ళప్పుడు నన్ను ఆయన దగ్గర చేర్చాడు. మాది చర్చి, ఆయనది రామకోవెల. ఆ తేడా ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. మా పాటల పుస్తకం ఆయన దగ్గర ఒకటి ఉండేది, అట్ట ఊడిపోయి, మార్జిన్ల నిండా పెన్సిలుతో కార్డులు, అంటే ఒకేసారి కలిపి నొక్కాల్సిన స్వరాల గుర్తులు, రాసి.

నేను చేరేటప్పటికే ఆయన ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు లేత్‌లో పోయాయి. అంతకుముందు ఆయన హార్మోనియం, పియానో రెండూ బాగా వాయించేవారట. వేళ్ళు పోయాక రెండేళ్ళు దేన్నీ ముట్టుకోలేదని వాళ్ళావిడ చెప్పింది. ఆవిడను మేమందరం అత్తయ్యా అని పిలిచేవాళ్ళం. ఆ తరువాత ఎవరో ఒక అరేంజర్ కీబోర్డు బాగుచేయమని ఆయనకిచ్చారు. అరేంజర్ అంటే, ఎడమ చేత్తో ఒక కార్డు నొక్కి పట్టుకుంటే చాలు, డోలక్, బేస్ గిటారు, వయొలిన్లు అన్నీ ఆ కార్డుకి తగ్గట్టు వెంట వస్తాయి. కుడి చేత్తో పాట వాయించుకోవచ్చు. "మూడు వేళ్ళతో కార్డు పట్టాను పాపా. అది నన్ను అర్థం సేసుకుంది," అని నాకు ఒకసారి చెప్పారు.

అందుకే కీబోర్డు ఎంచడం అన్నది ఆయనకి సరదా వ్యవహారం కాదు. విశాఖలో ఎవరు ఖరీదైన కీబోర్డు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని డాబాగార్డెన్స్ వైపు దుకాణాలకి వెళ్ళేవాళ్ళు. దుకాణంవాళ్ళు డెమో పాట పెట్టగానే ఆపమనేవారు. "అది దుకాణం పాట. మనది వినాల." ముందు రిథమ్ అంతా ఆపేసి, ఒక్క పియానో స్వరాన్ని నొక్కి పట్టుకుని, అది పూర్తిగా చచ్చిపోయేదాకా వినేవారు. తరువాత రిథమ్ పెట్టి, సరిగ్గా తాళం తిరిగే క్షణంలో కార్డు మార్చేవారు. కొన్ని వెంటనే పట్టుకుంటాయి. కొన్ని ఒక దెబ్బ ఆలస్యంగా మేలుకుంటాయి. ఆ ఆలస్యం అమ్మేవాళ్ళకి వినపడేది కాదు, కొనేవాళ్ళకీ వినపడేది కాదు. ఆయనకి ఒంట్లో గుచ్చుకునేది.

పోర్టులో క్రేను నడిపి రిటైరైన ఒకాయన ఇంట్లో వాయించుకోవడానికి అన్నిటికన్నా పెద్దది కావాలని పట్టుబట్టాడు. మాస్టారు వాదించలేదు. ఆ పెద్దదాన్ని ఆయన చేతే స్టాండు మీద నుంచి దింపించి, మళ్ళీ ఎక్కించమన్నారు. నీ గది మేడమీద కదా అని మాత్రం అన్నారు. ఆ పెద్దమనిషి నవ్వేసి, స్పీకర్లు లోపలే ఉన్న మధ్యరకం పట్టుకెళ్ళాడు. ఇప్పటికీ రోజూ వాయిస్తున్నాడని విన్నాను.

ఇక ఆర్కెస్ట్రా సంగతి. నేనూ మాస్టారూ ఒకే పార్టీలో ఉండేవాళ్ళం. ఆయన కీబోర్డు, నేను పాడేదాన్ని, అవసరమైతే రెండో కీబోర్డు. పార్టీ నడిపేవాడు మాస్టారికి దూరపు చుట్టం, వరసకి బావమరిది, బావా అని పిలిచేవాడు. ఆరేళ్ళ కిందట మంచి అరేంజర్ కొందామనుకుని, ఎంచే పని మాస్టారికి అప్పగించాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి డెబ్బయ్యారు మీటలది. పెద్ద టచ్‌స్క్రీను, సొంత స్పీకర్లు, పెళ్ళికొడుకులా మెరిసే ఒళ్ళు. రెండోది అరవయ్యొక్క మీటలది. స్పీకర్లు లేవు, చిన్న తెర, చూడ్డానికి పాత టూల్‌బాక్సులా ఉంది. మాస్టారు సెలవు పెట్టి మూడుసార్లు దుకాణానికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. దాని మీదా దీని మీదా ఒకే పాట, ఒకే వేగం, ఒకే చోట కార్డు మార్పు. పెద్దదాని మీద కొన్ని కార్డులకి నాలుగో వేలు కావలసివచ్చింది. చిన్నది మూడు వేళ్ళకే, నాలుగు స్వరాలుండే సెవెంత్ కార్డుని కూడా పట్టేసింది. స్టేజీ మీద ఎలాగూ బయట స్పీకర్లే కదా, లోపలి స్పీకర్లు మోత బరువే అన్నారు. ఇంటికైతే స్పీకర్లున్నదే కొనమని చెప్పేవాణ్ణి, మనది స్టేజీ, చిన్నది చాలు అని బావమరిదికి వివరంగా చెప్పారు.

అతను పెద్దదే కొన్నాడు. వీడియోలో బాగా కనిపిస్తుందట.

"వాయించేవోడి కోసం కొనాల గానీ సూసేవోడి కోసం కొంటే ఎలాగ?" అని మాస్టారు నాతో అన్నారు. అతనితో అనలేదు. నెల రోజులు కూర్చుని, ఆ పెద్దదానికి తన మూడు వేళ్ళని అలవాటు చేశారు. నాకు ఆయన మీద కూడా కోపమే. అంత వినయం ఎందుకు? అడిగింది వాళ్ళు, ఎంచింది ఆయన, కాదన్నది వాళ్ళు, తిప్పలు పడ్డది మళ్ళీ ఆయన.

ఆ తరువాత కొన్నాళ్ళకి బీచ్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి రిసెప్షన్ వచ్చింది. ఫొటోలు తీశారు. పోస్టరులోది ఆ రోజుదే. ఫొటోలయ్యాక బావమరిది ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి కీబోర్డుకి తగిలించాడు. పాటల మ్యూజిక్ అంతా ఎక్కడో రికార్డు చేయించి తెచ్చాడు. సింగర్లు దాని మీద పాడితే సరిపోతుంది. తప్పులుండవు, రిహార్సలు అక్కర్లేదు.

"మరి నానేటి సెయ్యాల?" అని మాస్టారు అడిగారు.

"ఏటీ సెయ్యొద్దు బావా. సేతులాడించు సాలు. ఎవులికి తెలుస్తాది?"

మాస్టారు ఒక నిమిషం ఆ మీటల వంక చూశారు. తరువాత మెడలోని పార్టీ ఐడీ కార్డు తీసి కీబోర్డు మీద పెట్టి, వెనక మెట్ల మీదుగా దిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ హాల్లో ఆయన వెళ్ళడం చూసినవాళ్ళం ముగ్గురమో నలుగురమో.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం. బావమరిది నా వైపు తిరిగి, నువ్వు నిలబడమ్మా అన్నాడు. నేను నిలబడ్డాను.

రెండు గంటలు వాయించనిదాన్ని వాయించినట్టు చేతులాడించాను. అప్పుడప్పుడు కళ్ళు మూసుకుని తల కూడా ఊపాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. అది నా సొంత తెలివి. చివర్లో పెళ్ళికూతురి నాయనమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఎంత బాగా వాయించావమ్మా అంది. నేను థాంక్సండీ అన్నాను.

మర్నాడు సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాను. తిడతారని వెళ్ళాను. తిడితే బాగుండునని వెళ్ళాను. అత్తయ్య టీ ఇచ్చింది. ఆయన స్క్రూడ్రైవరుతో ఏదో చిన్న కీబోర్డు విప్పి, మీటల కింద దుమ్ము దులుపుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"నువ్వు నిలబడకపోతే ఇంకొకల్ని నిలబెట్టేవోడు. దానికి నిన్నేటి అంటాను? ఒక్కటి సెప్పు పాపా. రెండు గంటలు ఎడం సెయ్యి ఎక్కడ పెట్టావు?"

నాకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. కుడి చెయ్యిని పాటకి తగ్గట్టు ఆడించాను. ఎడమ చెయ్యి ఎటు పోయిందో తెలియదు. మూడు వేళ్ళు మిగిలినందుకు కృతజ్ఞతగా ఒక్కొక్క కార్డూ పట్టిన మనిషి ముందు, అయిదు వేళ్ళున్న నేను ఎడమ చేతిని ఒడిలోకి తీసుకుని దాచుకున్నాను. ఆ తరువాత ఆ పార్టీకి మళ్ళీ వెళ్ళలేదు. అది గొప్ప కాదు. వెళ్ళాల్సిన రోజున దిగి వెళ్ళనిదాన్ని.

ఆయన్ని మళ్ళీ ఎవరూ స్టేజీ ఎక్కమనలేదు. వేళ్ళు సహకరించడం లేదనీ, ఒంట్లో బాగుండటం లేదనీ బావమరిది అందరికీ చెప్పాడు. ఆ అబద్ధం గాజువాక నుంచి మధురవాడ దాకా పాకింది. నిజం చెప్పండి మాస్టారూ అని నేను ఎన్నిసార్లు అడిగానో. "సెప్తే ఏటవుద్ది? పెన్‌డ్రైవ్ అని తెలిస్తే ఆళ్ళని ఎవులు పిలుస్తారు? ఆ పార్టీ మీద పదిమంది బతుకుతన్నారు," అనేవారు. తన పేరు పోయినా ఆ పదిమందికి అన్నం పోకూడదనుకున్నారు. ఆ పదిమందిలో ఒక్కరు కూడా ఈ అయిదేళ్ళలో ఆయన గుమ్మం తొక్కలేదు.

ఆయన మాత్రం మానలేదు. పగలు లేత్, సాయంత్రం పాఠాలు. యారాడ నుంచి ఒక చేపలమ్మే ఆవిడ కూతుర్ని తీసుకొచ్చేది. ఆ పిల్లకి ఫీజు తీసుకోకుండా నేర్పారు, తన పాత కీబోర్డు ఇంటికిచ్చి పంపారు. పోయిన రోజు కూడా డ్యూటీకి వెళ్ళడానికి బట్టలు వేసుకుని, బూట్ల తాడు కట్టుకుంటూ ఒరిగిపోయారట. గుండె.

పదో రోజు తరువాత, ఒక శనివారం మధ్యాహ్నం, గాజువాకలో కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. పెట్టింది బావమరిదే. వేదిక మీద ఆ డెబ్బయ్యారు మీటల కీబోర్డు, దానికో దండ. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మాంత్రికుడు, సరస్వతీ పుత్రుడు అన్నారు. బావమరిది మైకులో ఏడ్చాడు కూడా. ఆ కన్నీళ్ళు దొంగవని నేను అనను. నిజమైనవే అయుండొచ్చు, అదే నాకు ఇంకా మంట. తరువాత నన్ను పిలిచాడు. దగ్గరికి వెళ్ళగానే మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా అన్నాడు:

"ట్రాక్ పెట్టీసాను. నిలబడితే సాలమ్మా."

ఆయన సంతాప సభలో.

నేను పెన్‌డ్రైవ్ పీకి అతని చేతిలో పెట్టాను. మైకు తీసుకుని ఆ రిసెప్షన్ రోజు ఏం జరిగిందో చెప్పాను. ఆయన ఎందుకు దిగిపోయారో, ఎవరు ఆయన చోట నిలబడ్డారో, ఆ నిలబడింది నేనే అని చెప్పాను. గట్టిగా చెప్పలేకపోయాను. పార్టీ సింగర్లిద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళు ఇప్పటికీ నా ఫోను ఎత్తడం లేదు. మాస్టారు దాచిన మాటని నేను బయటపెట్టాను. ఆయనకి నచ్చేది కాదేమో. ఆ లెక్కన నేను ఆయన దారి రెండుసార్లు తప్పాను, ఒకసారి ఆయన చోట నిలబడి, ఇంకోసారి ఇలా నోరు తెరిచి. అయినా నోరు మూసుకుని మరో రెండు గంటలు నిలబడటం నా వల్ల కాలేదు.

తరువాత ఆ కీబోర్డు మీదే, రిథమ్ లేకుండా, ఉట్టి పియానో ధ్వనితో, ఈ వైపు అమ్మలు పాడే ఒక జోలపాట వాయించాను. రెండు చోట్ల తప్పు పోయింది. మొదటి వరసలో అత్తయ్య ఏడవలేదు. ఆవిడ నా ఎడమ చేతి వంకే చూస్తూ కూర్చుంది. అయిపోయాక దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుని, అన్నం తిని వెళ్ళమంది. అంతే అంది.

జనం భోజనాలకి లేచారు. కుర్చీలు సగం సర్దేశారు. వెనక గోడకి ఆనుకుని ఆటోనగర్ వర్క్‌షాపువాళ్ళు అయిదారుగురు నిలబడి ఉన్నారు. అందులో పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పాట ఇంకోపాలి వాయిత్తావా అమ్మా? మావోడొకడు షిఫ్టు దిగి ఇప్పుడే వచ్చాడు. ఆడిదీ మాస్టారిదీ పక్కపక్క మిసిన్లు."

తలుపు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా ఆయిలు మరకలు. బూట్లకి గ్రీజు ఉందని, కడిగిన గచ్చు మీద అడుగు పెట్టకుండా గుమ్మం అవతలే ఆగిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. నేను మళ్ళీ కూర్చుని మొదటి నుంచి వాయించాను. పాట అయ్యేదాకా ఆయన అక్కడే, ఎండలో, తల వంచుకుని నిలబడ్డాడు.