ఊపిరి తడి

బ్యాండువాళ్ల కోట్లకు గుండీలు కుట్టే ఆవిడను అందరూ గుండీలక్క అంటారు. దారాన్ని పళ్లతోనే తెంపుతుంది. సూదిని భుజం మీది బట్టకు గుచ్చుకుని, ఇల్లంతా వెతుకుతుంది. ఆమె భర్త ఆ బ్యాండులోనే క్లారినెట్ వాయించేవాడు. ఆఖరిసారి వానలో తడుస్తూ వాయించి వచ్చాడు. చెక్క వాద్యం కదా, వాన నీళ్లూ ఊపిరి తేమా పీల్చుకుని ఉబ్బింది. ఒకదానిలో ఒకటి దోపే దాని రెండు ముక్కలూ అతుకు దగ్గర బిగుసుకుపోయాయి. "ఆరితే అదే ఊడొస్తుందిలే" అని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. విడదీయకపోతే అది దాని పెట్టెలో పట్టదు. అందుకని ఆమె దాన్ని కుట్టుమిషను పక్కనే ఉంచుకుని, గుండీకీ గుండీకీ మధ్య ఒకసారి తడిమి చూసుకునేది.

ప్లాస్టిక్ క్లారినెట్ వాయించే మరిది ఒకరోజు వచ్చి చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు వదినా, ఒక్క మెలి పెడితే ఊడొస్తుంది. ఊరికే పడుండే బదులు నేను వాయిస్తా. నాది తేలికే, వానకు ఉబ్బదు, దూరం నుంచి చూస్తే రెండూ నల్లవే గానీ..."

"దూరం నుంచి నువ్వూ మీ అన్నలాగే ఉంటావు. వాయిస్తేనే తెలిసేది తేడా. ముట్టుకోకు, అందులో ఆయన ఊపిరి తడి ఉంది."

మరిది చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం దుమ్ము తుడుస్తుంటే పై ముక్క దానంతటదే ఆమె చేతిలోకి వచ్చేసింది. మళ్లీ దోపింది. వదులుగా జారింది. అతుకులో వేలు పెట్టి చూస్తే పొడిగా ఉంది. రెండు ముక్కలనూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత మరిదికి కబురు పంపింది.

"వచ్చి తీసుకెళ్లు. ఇప్పుడు పెట్టెలో పడుతుంది."