ఎత్తకూడని ఫోను

ఈ పొద్దున పాలు పొంగి స్టవ్ మీద మాడాయి. వంటిల్లంతా ఆ వాసన కమ్ముకుంది. కిటికీ తెరిచాను గానీ గిన్నె తోమడానికి వెంటనే చేతులు రాలేదు. మాడిన పాల వాసన వస్తే నాకు గౌలిపురలోని మా ఇల్లు కళ్ల ముందుకొస్తుంది. వీధి వైపు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం, మధ్యలో బండలు పరిచిన వాకిలి. వానాకాలంలో తడి గడ్డి, నానబెట్టిన పత్తిచెక్క, పిడకల పొగ అన్నీ కలిసి బట్టలకు పట్టేసేవి, బడిలో నా పక్క పిల్ల ముక్కు మూసుకుంటే నేను బెంచీ చివరకు ఇంకాస్త జరిగేదాన్ని. దీపావళి వెళ్లి సదర్ పండుగ వచ్చిందంటే దున్నపోతుల కొమ్ములకు రంగులు, మెడలో గవ్వల దండలు, గల్లీ అంతా డప్పుల మోత; పిల్లలందరూ వాటి వెంట ఉరికితే నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. ఎవరైనా పలకరిస్తే తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

మా ఇంట్లో పాలు పిండేది బాపు, మా నాన్న; కొలిచేది అవ్వ, నాన్నమ్మ. వాకిట్లో చిన్న పీట వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఎవరింట్లో చుట్టాలు దిగారు, ఎవరి కోడలికి నెలలు నిండాయి, ఎవరికి ఇంకో పావు ఎక్కువ పోయాలి, అన్నీ నోటి లెక్కనే చూసుకుంటూ క్యాన్లలో పోసేది. బర్రె ఈనితే జున్నుపాలు ముందు ఎవరికి వెళ్లాలన్నదీ ఆమె తీర్పే. మొదటి చెంబు ఎప్పుడూ దబీర్‌పురాలోని ఖాలాకే. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, మేమంతా అలా పిలిచే ఆమె ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన ముసలావిడ, మేడ మీద గదిలో మిట్టూ అనే చిలకతో ఒంటరిగా ఉండేది. ఆమె, అవ్వ కలిశారంటే తెలుగూ ఉర్దూ కలగలిపేసి పొద్దు తెలియకుండా ముచ్చట పెట్టుకునేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా బాపు ఒక సెకండ్ హ్యాండ్ సెల్‌ఫోను కొని వాకిలి గూట్లో పెట్టాడు. అప్పటికే బస్తీలో అందరికీ మిస్డ్ కాల్ అలవాటైంది. ఒక్క మోతకు కట్ చేస్తే రేపు పాలు వద్దని, ఎక్కువ సేపు మోగితే ఎక్కువ పాలు కావాలని బాపు గిరాకీల ఇళ్లన్నింటికీ చెప్పి వచ్చాడు. మాకు మాత్రం ఒకటే కట్టుబాటు: ఫోను ఎత్తకూడదు. ఎత్తితే అవతలివాళ్ల పైసలు పోతాయి, వాళ్లకు కోపమొస్తుంది.

అవ్వకు చదువు రాదు. ఫోను మోగేసరికి బాపు పొదుగు దగ్గర ఉండేవాడు, నేను బడిలో ఉండేదాన్ని, తెర మీద పేరు చదివి చెప్పేవాళ్లు ఉండేవారు కారు. వద్దన్న ఇంటికి పాలు వెళ్లడం, కావాలన్న ఇంటికి తక్కువ పడటం మొదలైంది. ఒకరోజు బాపు, మెత్తగానే, "నీకు సమజైతలేదమ్మా. నువ్వు ఊకె కూసో, నేను జూసుకుంట" అన్నాడు. అవ్వ లేచింది. పీట ఎత్తి గోడకు ఆనించింది. ఆ రోజు నుంచి లోపల చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది. ఆ ఖాళీ పీటను చూస్తూ బడికి వెళ్లడం నాకు కష్టంగా ఉండేది.

ఫోనులో పాము ఆట ఆడుతుండగా ఒకరోజు నాకు ఇంకో సంగతి కంటబడింది. మీటలు నొక్కి సొంతంగా మోత కట్టుకోవచ్చు, ఒక్కో పేరుకు ఒక్కో మోత పెట్టుకోవచ్చు. సెలవుల్లో మంచం మీద బోర్లా పడుకుని అదే పని చేశాను. దర్జీ ఇంటికి కుట్టుమిషను టకటక, చాయ్ హోటలుకు గ్లాసు మీద చెంచా చప్పుడు, గాజుల దుకాణానికి గలగల, ఖాలాకు ఆమె మిట్టూ వేసే ఈల, చివర కాస్త పైకి లేచేది. అన్నీ జలుబు చేసిన గొంతుతో పాడినట్టు కీచుమనేవి. అవ్వ దగ్గర కూర్చుని వినిపించాను. దర్జీది పోల్చుకోలేదు. ఖాలాది వినగానే చేటలో చెయ్యి ఆగింది.

"మిట్టుగాడు గదనే. గీ డబ్బల ఎట్ల జొచ్చిండు?"

కొన్నాళ్లకు అవ్వకు మోతలన్నీ పట్టుబడ్డాయి, పీట మళ్లీ వాకిట్లోకి వచ్చింది. ఫోను మోగితే కొట్టంలోంచి బాపే "ఎవరమ్మా?" అని కేకేసేవాడు.

ఆ ఏడు రంజాన్ నెల చివరికొచ్చింది. పండుగకు వండే సేమ్యా పాయసం, షీర్ ఖుర్మా కోసం పాలకు గిరాకీ పెరిగే రోజులు. నాకు బడి లేని ఒక మధ్యాహ్నం గూట్లో మిట్టూ ఈల మొదలైంది. దానంతట అది ఆగిపోయేదాకా మోగింది. బాపు నవ్వాడు. ఈసారి ఖాలా దబీర్‌పురా మొత్తానికి దావత్ ఇస్తున్నట్టుందని, పెద్ద క్యాన్ తీయమని అవ్వతో అన్నాడు. అవ్వ పెద్ద క్యాన్ తీసి పాలు కొలవడం మొదలుపెట్టింది. ఈల మళ్లీ మోగింది. కొలుస్తున్న చెయ్యి ఆగింది.

"పావు ఎక్కువ అడగనీకే మస్తు సోంచాయిస్తదామె. గింతసేపు మోగిస్తదా? ఎత్తు బిడ్డా."

ఎత్తొద్దు, పైసలు పోతాయని బాపు అంటూనే ఉన్నాడు.

"పోనీ. ఎత్తు."

నేను పచ్చ మీట నొక్కాను. ముందు చిలక ఈల వినిపించింది, నేను కట్టింది కాదు, అసలుది. తర్వాత సన్నని గొంతు. "దూద్ నక్కో, బేటీ. గిర్ గయీ మై."

పాలు వద్దట. పడిపోయిందట. స్నానాల గది గడప దగ్గర జారి లేవలేకపోతోంది. రోజా ఉపవాసం ఉండి గొంతు ఎండిపోవడంతో ఎంత పిలిచినా కిందివాళ్లకు వినబడలేదు. చేతికందిన ఫోనులో ఆఖరున నొక్కిన నంబరు మాది.

బాపు స్కూటరు బయటికి తీశాడు. వెనక ఎక్కబోతూ అవ్వ వెనక్కి వచ్చి, ఫోనును నా చెవికి గట్టిగా అదిమింది. "మేం వొయ్యేదాక మాట తెగనియ్యకు. నిద్ర వోనియ్యకు."

ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్లు ఇచ్చి మాట్లాడకుండా పారిపోయే నేను, ఏం చెప్పాలో తెలియక ముందు బర్రెల పేర్లు చెప్పాను. ఏది తంతుందో, ఏది నా జడ నమిలిందో చెప్పాను. ఆమె మిట్టూ మా గూట్లో కూడా ఉన్నాడని చెబితే "సచ్చీ?" అని, నిజమా అన్నట్టు అడిగింది. ఆ తర్వాత చప్పుడు లేదు. భయమేసి, "సునో ఖాలా, సునో", విను విను అంటూ డైరీలో ఎవరికీ చూపించకుండా రాసుకున్నవన్నీ వరుసగా చెప్పేశాను. ఎప్పుడో ఒకసారి "హా" అనేది. మధ్యలో ఫోను కట్ అయింది, ఆమె బ్యాలెన్స్ అయిపోయినట్టుంది. నేనే మళ్లీ చేశాను. అటు ఎత్తేదాకా మోగిన ఆ కాసేపూ మోతలు లెక్కపెట్టాను. చివరికి అవ్వ గొంతు వినిపించింది.

"వచ్చినం బిడ్డా. ఇగ పెట్టెయ్."

ఖాలాకు తుంటి ఎముక విరిగింది. పండుగ రోజున అవ్వ సేమ్యా ఎక్కువై ముద్దగా అయిన షీర్ ఖుర్మా వండి ఆస్పత్రికి మోసుకెళితే, ఖాలా దాన్ని తిని, ఇది ఖుర్మానా ఉప్మానా అని అడిగిందట. కర్ర పట్టుకుని ఇల్లు చేరాక ఆమె ఒక కొత్త అలవాటు పెట్టుకుంది. సాయంత్రం ఒక మోత మోగితే ఎప్పటిలాగే పాలు వద్దని. పొద్దున మోగితే బాగున్నానని. ఆ పొద్దుటి ఈల వినేదాకా అవ్వ చాయ్ ముట్టేది కాదు. ఏ ఫోను ఎత్తాలో, ఏది ఎత్తకూడదో చెప్పే పని కూడా అవ్వదే అయింది.

తర్వాత బర్రెలు ఊరి బయటికి వెళ్లిపోయాయి. కొట్టంలో ఇప్పుడు బైకులు పెడుతున్నారు. ఆ ఫోను బ్యాటరీ ఉబ్బి ఒకరోజు ఆగిపోయింది, నేను కట్టిన మోతలన్నీ దానితోనే పోయాయి. ముందు ఖాలా వెళ్లిపోయింది, రెండు చలికాలాల తర్వాత అవ్వ.

గిన్నె నానబెట్టి ఫోను చేతిలోకి తీసుకున్నాను. తెల్లారకముందే తలుపు గొళ్లేనికి పాల సంచి తగిలించి వెళ్లే మనిషి ముఖం నేను చూడలేదు. రేపు ఊళ్లో ఉండను కదా అని యాప్‌లో "రేపు వద్దు" నొక్కాను. వెంటనే పచ్చ గుర్తు వచ్చింది. ఏ వాకిట్లోనూ ఏదీ మోగలేదు. కొలుస్తున్న చెయ్యి ఆపి, ఈ పిల్ల ఎన్నడూ గిట్ల వద్దనదే అని ఎవరూ అనుకోలేదు.