రాజేందర్ చేయించుకున్న పెట్టె

రాజేందర్ జనగామ పక్క పల్లె నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో హైదరాబాద్ వచ్చాడు. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల్లో లేచిన టవర్లలో ఇరవై ఆరేళ్లు రాయి కోశాడు, పాలిష్ పట్టాడు. కోసే మిషన్‌కు నీళ్లు పెడితే పొడి లేవకపోయినా పని ఆలస్యమవుతుందని, బురద ఎత్తిపోయడం ఒకటి అదనమని, కాంట్రాక్టర్ గ్రానైటును పొడిగానే కోయించేవాడు. సాయంత్రానికి పనివాళ్ల కనుబొమ్మలు తెల్లబడేవి. మొహాన నీళ్లు కొట్టుకుని, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవారు.

అతనికి మౌత్ ఆర్గాన్ అలవాటు చేసింది రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక మార్బుల్ మేస్త్రీ. తన ఊరికి తిరిగి వెళ్లిపోతూ చేతిలో ఉన్నది రాజేందర్‌కు ఇచ్చేశాడు. మధ్యాహ్నం తిండి కాగానే ఏ ఖాళీ గదిలోనో కూర్చుని రాజేందర్ దాన్ని ఊదేవాడు. ఎవరూ నేర్పలేదు. రేడియోలో విన్న పాట మూడు రోజులు తిరిగేసరికి అతని పెదాల మీద ఉండేది.

ఉదయ్ భాస్కర్ అతన్ని మొదట విన్నది అలాగే. ఉదయ్‌ది భీమవరం, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. నిజాంపేటలో కొనుక్కున్న ఫ్లాట్‌లో ఫ్లోరింగ్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి, తలుపులు లేని పడగ్గది ముందు నిలబడిపోయాడు. కంపెనీలో ముగ్గురు మిత్రులతో కలిసి శనివారాలు అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లలో పాత పాటలు పాడటం అతనికి సరదా. ఆ నలుగురికి రాజేందర్ అయిదోవాడయ్యాడు. స్టేజీ మీద అందరూ జీన్స్ వేసుకుంటే రాజేందర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకునేవాడు. అలా నాలుగేళ్లు గడిచాయి. మౌత్ ఆర్గాన్లు ఒకటి నుంచి ఏడయ్యాయి. వాటిని అతను పని బట్టలతో పాటు ఒకే సంచిలో మోసేవాడు.

ఒక శనివారం పాట మధ్యలో మూడు స్వరాలు పలకలేదు. రాజేందర్ చప్పున ఇంకోటి అందుకున్నాడు. అదీ అంతే.

"రాజేందర్ గారూ, వీటికి మంచి పెట్టె ఒకటి చేయిద్దామండి. ఆ సంచిలో వేసుకుని తిరిగితే పాడవక ఏమవుతాయి?" అన్నాడు ఉదయ్.

మర్నాడు పొద్దున ఇద్దరూ కూకట్‌పల్లి మార్కెట్ వెనక సందులో ఉన్న సరోజమ్మ దుకాణానికి వెళ్లారు. తబలాలకు, కీబోర్డులకు, కెమెరాలకు కొలత తీసుకుని పెట్టెలు చేసే దుకాణం అది. సరోజమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ప్లైవుడ్ కోస్తున్నది కాస్తా, వీళ్లను చూసి మిషన్ ఆపింది.

"ఎన్ని ఉన్నయి తమ్మీ?"

"ఏడు, అక్కా. మైకులు రెండు."

"ఏడెందుకు? ఒక్కటి సాలదా?"

"పాడేటోళ్ల శ్రుతి మారుతది కదా. ఒక్కో శ్రుతికి ఒకటి. మైకుల్ల ఒకటి మామూలుది. ఇంకోటి గిట్ల గుండ్రంగ ఉంటది, దీంతో కలిపి రెండు చేతుల్ల దాసి వాయిస్త."

"సరే, ఒక్కోటి తీసి పెట్టు. గదులు కొయ్యాలంటే కొలత గావాలె."

ఆమె బల్ల మీద నల్లటి ఫోమ్ షీటు పరిచింది. మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని, కొలిచే ముందు అలవాటుగా రెండుసార్లు తట్టింది. ఫోమ్ మీద తెల్లటి పొడి రాలింది. రెండోది తట్టింది. మూడోది. నల్లటి షీటు మీద ముగ్గు పోసినట్టు చారలు పడ్డాయి.

"గిదేంది?"

"రాతి పొడి. పని కాడ పడుతది."

"గిది నోట్ల వెట్టుకొని ఊదుతున్నవా?"

"ఊదుడే గాదక్కా. సగం స్వరాలు లోపలికి గుంజితేనే వస్తయి."

ఉదయ్ ఆ పొడి వైపే చూస్తున్నాడు. సరోజమ్మ రెండు రకాల పెట్టెలు ముందు పెట్టింది. ఒకటి ప్లైవుడ్‌కు రెక్సిన్ అంటించి, అంచులకు అల్యూమినియం వేసినది. రెండోది ఫైబర్‌ది.

"ప్లైవుడ్‌ది గట్టిగుంటది, పదేండ్లొస్తది. జర బరువు. పట్టుకొని నాలుగడుగులెయ్యి, తెలుస్తది."

రాజేందర్ ప్లైవుడ్ పెట్టె పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. వెనక్కి రాలేదు. పెట్టె కింద పెట్టి గడప మీద కూర్చుండిపోయాడు. దగ్గు వచ్చింది. అది చాలాసేపు ఆగలేదు.

"ఎన్ని దినాల సంది దగ్గు?" అంది సరోజమ్మ, మంచినీళ్ల గ్లాసు అందిస్తూ.

"రెండేండ్లాయె. మా ఇంటికాడ డాక్టర్ టీబీ అన్నడు. ఆర్నెల్లు మందులు మింగిన."

"నాకు ఒక్కసారి కూడా చెప్పలేదేంటండీ!" అన్నాడు ఉదయ్.

"చెప్తె స్టేజీ ఎక్కనిస్తరా సార్?"

సరోజమ్మ కొలతల కాగితం మడిచి పక్కన పెట్టింది. "పెట్టె యాడికి పోదు. ముందుగాల పెద్ద దవాఖానకు పో తమ్మీ."

సోమవారం ఉదయ్ సెలవు పెట్టి అతన్ని తీసుకెళ్లాడు. స్కాన్ చూసిన డాక్టరమ్మ, అతను చేసే పని గురించే ఎక్కువసేపు అడిగింది. చివరికి చెప్పింది: ఇది టీబీ కాదు, సిలికోసిస్. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని అవి గట్టిపడిపోయాయి. బాగుచేసే మందు లేదు. ఇవాళే పని మానేయాలి.

"మౌత్ ఆర్గాన్ వాయించొచ్చా మేడం?" అని అడిగాడు రాజేందర్.

"ఊపిరి అందినంత కాలం వాయించుకోండి. పొడి పట్టినవి మాత్రం నోటి దగ్గరకు తీసుకురావద్దు."

హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు రాజేందర్‌ది. పిల్లలు లేరు. భార్య యాదమ్మ ఒక కంపెనీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. విషయం విన్నాక రెండు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ బయటపడింది.

"దగ్గితే రక్తం పడ్డప్పుడన్న నాకు చెప్పొద్దా? ఇప్పుడు పెట్టె చేయిస్తడట పెట్టె! ఎందుకయ్యా నీకు పెట్టె?"

రాజేందర్ రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి సరోజమ్మ దగ్గరకు వెళ్లాడు.

"ఫైబర్‌దే చెయ్యి అక్కా. అది అయితేనే నేను మొయ్యగల్గుత."

"ఏడు గదులేనా?"

రాజేందర్ ఏడింటినీ బల్ల మీద వరసగా పేర్చాడు. ఉదయ్ వాటిని విప్పించి కడిగించాడు, ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. కింది శ్రుతులవి నాలుగు, ఎక్కువ గాలి కావాల్సినవి, ఒక్కొక్కటే తీసి పక్కకు జరిపాడు. ఒకదాన్ని జరిపి, మళ్లీ తెచ్చుకుని, మళ్లీ జరిపాడు. మూడు మిగిలాయి.

"గివి సాలు. మిగిలిన జాగల మామూలు మైకు ఒక్కటి, గీ చిన్న బ్యాటరీ స్పీకర్ పట్టేటట్టు కొయ్యి. గొంతు లేస్తలేదు అక్కా. వంటింట్ల ఉన్న యాదమ్మను పిలిస్తే ఇనవడ్తలేదు."

సరోజమ్మ తల వంచుకుని కొలతలు రాసుకుంది. "తాళం పెట్టాల్నా?"

"వద్దు. ఆమెకు తీయొస్తే సాలు."

"లోపలికి ఏ రంగు? నీలముంది, ఎర్రదుంది."

"నల్లది. దుమ్ము పడితే కనవడాలె."

పది రోజుల్లో పెట్టె తయారైంది. మూత తీస్తే ఒక్కొక్కటీ తన గదిలో కదలకుండా కూర్చుంది. దాన్ని తీసుకుని కొండాపూర్‌లో ఒక క్లబ్‌హౌస్ కార్యక్రమానికి వెళ్లాడు రాజేందర్. మొదటి పాట నిండుగా వాయించాడు. రెండో పాటలో చరణం ముందు తన వంతు రాగానే పెదాలకు ఆనించి పీల్చాడు, శబ్దం రాలేదు. ఉదయ్ ఆ వరసను నోటితో పాడేసి పాట దాటించాడు. జనం చప్పట్లు కొట్టారు. రాజేందర్ స్టేజీ మెట్ల మీద కూర్చుని మౌత్ ఆర్గాన్‌ను గుడ్డతో తుడిచాడు, దాని గదిలో పెట్టాడు. మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఆ తర్వాత అతను చేసిన పని, తనతో పాటు రాయి కోసినవాళ్ల ఇళ్లకు వెళ్లడం. పది మంది ఉన్నారు. ఒక్కొక్కరినీ బతిమాలి, కొందరిని తిట్టి, ఎక్స్‌రేకు పంపాడు. నలుగురికి అదే జబ్బు బయటపడింది. వాళ్లలో సంతోష్‌కు ముప్ఫై ఒకటి, ఇంట్లో చంటిపిల్ల.

"అన్నా, నువ్వు చెప్పకున్నా బాగుండు. తెల్వకపోతే ఇంకిన్ని దినాలు పనిచేసుకుందును" అన్నాడు సంతోష్.

రాజేందర్ ఆ మాట పట్టించుకోనట్టే ఉన్నాడు. రాత్రికి మాత్రం అన్నం తినలేదని యాదమ్మ చెబుతుంది.

కాంట్రాక్టర్ మీద ఉదయ్ ఫిర్యాదు రాసిపెట్టాడు: వీళ్లు పని చేసినట్టు కాగితం ఇవ్వాలి, పరిహారం ఇప్పించాలి. అయిదుగురూ సంతకాలు చేసి కార్మిక శాఖలో ఇచ్చారు. కాంట్రాక్టర్ జవాబు ఒకటే వాక్యం: వీళ్లెవరూ నా దగ్గర ఎన్నడూ పని చేయలేదు. హాజరు పుస్తకాల్లో వీళ్ల పేర్లు లేవు. నిజమే, ఎవరి పేరూ ఎప్పుడూ రాయలేదు.

విచారణ రోజున రాజేందర్ ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని వంతు వచ్చింది. రెండు మాటలు చెప్పేసరికి అధికారి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "కొంచెం గట్టిగా చెప్పండి" అన్నాడు.

రాజేందర్ పెట్టె తెరిచాడు. స్పీకర్ బల్ల మీద పెట్టి మైకు తీసుకున్నాడు.

"ఇదేమన్నా కచేరీ అనుకున్నవా?" అన్నాడు కాంట్రాక్టర్ తరఫున వచ్చినతను.

"చెప్పనివ్వండి" అన్నాడు అధికారి.

రాజేందర్ టవర్ల పేర్లతో మొదలుపెట్టాడు. ఏ బ్లాకు, ఏ అంతస్తు, ఎక్కడ ఏ రంగు రాయి, ఏ మూల అతుకు సరిగా కుదరక రెండోసారి కోయాల్సి వచ్చింది, ఆ రోజు పక్కన ఎవరున్నారు, అన్నీ చెప్పాడు. నాలుగు మాటలకోసారి ఆగేవాడు. ఆగినప్పుడు అతని ఊపిరి స్పీకర్‌లోంచి గదంతా వినిపించేది, ఎండాకులు తొక్కుతున్నట్టు. గుమాస్తా రాయడం ఆపి తలెత్తి చూశాడు. మైకు ఆపమని ఎవరూ అనలేదు. ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ టవర్లకు వెళ్లి చూడాలని, అక్కడ పనిచేసే మిగిలినవాళ్లకు కూడా పరీక్షలు చేయించాలని అధికారి రాశాడు. పని చేసినట్టు కాగితం ఇచ్చే సంగతి వాయిదా వేశాడు. ఆ వాయిదాకు రాజేందర్ లేడు. శ్రావణ మాసంలో, మిట్టమధ్యాహ్నం, యాదమ్మ ఒళ్లో తల పెట్టుకుని గాలి కోసం వెతుక్కుంటూ పోయాడు. నలభై అయిదేళ్లు.

సంతోష్ రాయి పని మానేసి స్కూల్ వ్యాన్ నడుపుతున్నాడు. రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో నిలబడుతున్నాడు. కాంట్రాక్టర్ ఒక సైట్‌లో మిషన్లకు నీళ్ల పైపులు బిగించాడట, తనిఖీకి వస్తారని తెలిసి. ఉదయ్, మిత్రులు శనివారాలు నలుగురే పాడుతున్నారు.

వాయిదాలకు ఇప్పుడు యాదమ్మ వెళ్తుంది. డ్యూటీ మార్చుకుని, నీలం యూనిఫాం మీదే. పోయిన నెల అధికారి ఆమెను అడిగాడు, "నీకేం కావాలమ్మా?"

"నా మొగడు ఇరవై ఆరేండ్లు పనిజేసిండని రాసియ్యుండ్రి సార్. లేకుంటే గా పొడి యాడికెళ్లి వచ్చినట్టు?"

అధికారి ఫైలు తిరగేసి తర్వాతి తారీఖు చెప్పాడు. ఆమెకు చదువు రాదు. పక్కనున్న సంతోష్‌తో ఆ తారీఖు అరచేతిలో రాయించుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.