గుమ్మం దగ్గర నిలబడే మనిషి

నాన్నకు రాయబారి పదవి వచ్చిందని నాకంటే ముందు భవాని పేట్‌లో మా వీధికే తెలిసింది. ఏళ్ల తరబడి ఏవేవో దేశాల్లో ఒకరి కింద పనిచేసిన మనిషికి మొదటిసారి ఎంబసీ మొత్తం చేతికి వచ్చింది. అమ్మ పోయాక నాన్న నన్ను తన అక్క దగ్గర వదిలి వెళ్లాడు. ఆ అత్త ఇంట్లోనే నేను డిగ్రీ దాకా వచ్చాను. ముందుగదిలో మామయ్య సాంచాలు పొద్దంతా తువ్వాళ్లు నేస్తూ ఆడుతుండేవి. ఆ చప్పుడులో ఎవరూ ఎక్కువ మాట్లాడరు కాబట్టి, నేను మాట్లాడకపోవడం లోటుగా కనిపించేది కాదు.

ప్రయాణానికి ముందు నాన్న మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. పెట్టెలో నా కోసం పట్టుచీరలు తెచ్చాడు. అవి విందులకు కట్టేవి. రాయబారి ఇంటికి వచ్చే అతిథులకు గుమ్మం దగ్గర నమస్కారం చెప్పడానికి ఇంటి ఆడమనిషి ఉండాలి. నాన్న చిన్న పదవుల్లో ఉన్నప్పుడు ఇంటి విందులకు అమ్మ నిలబడేది. ఒకసారి ఆమె పక్కన నేనూ నిలబడ్డాను. ఒక పెద్దావిడ నన్నేదో అడిగితే, ఆమె వెళ్లిపోయేదాకా ఆమె చెప్పుల వంకే చూశాను.

నాన్న పద్ధతి నాకు తెలుసు. అందరినీ కూర్చోబెట్టే ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి పెట్టుకుంటాడు. మధ్యాహ్నానికల్లా నన్ను పంపడానికి మామయ్య ఒప్పుకున్నాడు. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "దొరసానివైతున్నవ్ పోరీ, మమ్మల్ని యాది పెట్టుకో" అంది.

ఒప్పుకోనిది అత్త ఒక్కతే. ఒళ్లో చాట పెట్టుకుని, తలెత్తకుండా బీడీలు చుడుతూ అంది:

"తమ్మీ, నీ నౌకరీకి పెండ్లాం గావాలె. అది పాయె. ఇప్పుడు బిడ్డను నిలవెడ్తవా తలుపు కాడ?"

"అట్ల గాదక్కా. రెండేండ్లే, బస్. చదువు అక్కడ గూడ అయితది."

"దాన్ని అడిగినవా?"

"అది వద్దనలేదు గద."

"అది పుట్టినకాంచి ఎవ్వలకు వద్దన్నది? నిన్న కూర మాడిపోతే మంచిగున్నదని తిన్నది!"

మామయ్య నవ్వాడు. నాన్న నవ్వలేదు. నా వైపు తిరిగి, "చెప్పు బిడ్డా" అన్నాడు.

పొద్దున డైరీలో వెళ్లనని రాసుకున్నాను. ఆ ఒక్క మాట చెబితే చాలు, గొంతు దాటలేదు. చర్చల్లో ఎవరూ అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని నాన్నే ఒకప్పుడు భోజనాల దగ్గర చెప్పాడు. ఆయన ఎదురుచూస్తున్నాడు.

లేచి వెళ్లి అత్త పక్కన కూర్చున్నాను. గోడకు ఆనించిన రెండో చాట ఒళ్లోకి లాక్కుని కత్తెర తీసుకున్నాను. మొదటి ఆకు చిరిగింది. ఇంకోటి కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టాను. ఎప్పటిలాగే లావుగా వచ్చింది. మరో ఆకు తీశాను.

నాన్న వంగి, ఆకుల మీద నుంచి జారిన తడిగుడ్డను సరిగ్గా కప్పాడు.

"ఆకు ఆరిపోతది," అన్నాడు. అంతే. నన్ను తీసుకెళ్లే మాట మళ్లీ ఎత్తలేదు.

స్టేషన్‌లో రైలు కదిలే ముందు మాత్రం, "నేనొక్కణ్నే నిలబడితే బాగుంటదంటవా?" అని నవ్వుతూ అడిగాడు.

కొన్ని నెలలకు ఫొటో వచ్చింది. దీపాలు వెలిగిన గుమ్మం ముందు నాన్న చేతులు జోడించి నిలబడ్డాడు. అమ్మ ఉన్న రోజుల్లోలాగే ఒక పక్కకు జరిగి, ఎడమవైపు ఒక మనిషి పట్టేంత జాగా వదిలాడు.

అత్త ఫొటోను వెలుతురుకు పట్టి చూసింది.

"నడుమల నిలవడొచ్చు గద," అంది.