బాయిలర్ గుర్రు

మా బాయిలర్ మావయ్య పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. పెద్దకర్మకి వచ్చినవాళ్ళకి పంచే చిన్న పుస్తకంలో వేయడానికి నాలుగు మంచి మాటలు రాసిమ్మని ఆయన కూతురు అడిగింది. రాస్తున్నాను. అన్నీ మంచి మాటలే అవుతాయని మాత్రం మాటివ్వలేను.

ఆయన నాకు బంధువు కారు. గుడివాడ దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఆయన హెడ్ ఫైర్‌మన్, నేను ఆయన కింద హెల్పర్ని. మిల్లులో అందరికీ ఆయన మావయ్యే. ధాన్యం ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరి కావాలంటే బాయిలర్ కింద ఊక మండుతూనే ఉండాలి. ఆ మంట ముందు ఇద్దరం పదకొండేళ్ళు నిలబడ్డాం. ఆయన ఘంటసాల ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. క్యారియర్ మూతలో మజ్జిగ పోసి, సగం నాకిచ్చాకే తను తాగేవారు.

గదిలోకి రాగానే నమస్కారం పెడితే ఆయనకి ఒళ్ళు మండేది. "ముందు నీళ్ళు చూడరా, తర్వాత నన్ను చూద్దువుగాని" అనేవారు. బాయిలర్లో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో తెలిసే గాజు గొట్టం గుమ్మానికి ఎదురుగా ఉండేది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు దానికోసం వెతుకుతాయి. మా ఆవిడ నవ్వుతుంది.

చేరిన కొత్తలో ఒక వానరోజు ప్రెషర్ పడిపోతుంటే, కంగారుపడి పార మీద పార ఊక ఎత్తిపోశాను. మంట ఊపిరాడక ఒక్కసారి బయటికి తన్నింది. నా కనుబొమలు రెండూ కాలిపోయాయి. ఆయన నన్ను పక్కకి లాగి, ముఖం మీద నీళ్ళు కొట్టి, "విను" అన్నారు. లోపల ఏదో బరువుగా, ఆగి ఆగి మోగుతోంది.

"ఊక తడిగా ఉంది. అందుకే గుర్రు పెడుతోంది. నిద్రపోయేవాడి నోట్లో అన్నం కుక్కుతావట్రా?"

ఊక తగ్గించి, కుప్పని మెల్లిగా కదిపితే గుర్రు ఆగింది. గుర్రు అనే ఆ మాట బాయిలర్ సర్టిఫికెట్ పరీక్షకి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన పెట్టిన పేరది, ఆయనకీ నాకూ మాత్రమే తెలిసిన పేరు. పరీక్ష కూడా ఆయన పోరు పడలేకే రాశాను. "పాసవ్వరా, నా తర్వాత ఈ గది నీదే" అన్నారు. పాసయ్యాను. సర్టిఫికెట్ చూపిస్తే, చేతులు కడుక్కుని వచ్చి మరీ పట్టుకున్నారు.

తర్వాత ఆటోమేటిక్ బాయిలర్ అమ్మే కంపెనీవాళ్ళు వచ్చారు. "మనిషి చెవి చేసే పని మిషనెలా చేస్తుందండీ?" అని ఓనరుగారితో వాదించింది నేను. మావయ్య నా పక్కనే నిలబడి తలూపారు. "మన పని కిటుకులు వీళ్ళకి ఒక్క ముక్క కూడా చెప్పనురా" అన్నారు. ఆ నెలలోనే నేను వారం రోజులు జ్వరంతో పడ్డాను. ఆ వారంలో మావయ్య ఆ కంపెనీవాళ్ళ ఎదురుగా కుర్చీలో కూర్చుని అన్నీ చెప్పేశారు. కొత్త బాయిలర్‌కి షిఫ్టుకొక్క ఆపరేటర్ చాలన్నారు, ఆ ఆపరేటర్లనీ కంపెనీయే తెచ్చుకుంది. నన్ను బస్తాలు కుట్టేచోట వేశారు. నాలుగు నెలలు కుట్టి మానేశాను. ఇప్పుడు పెడనలో, బట్టల అద్దకం షెడ్డులో రంగునీళ్ళు మరిగించే పొయ్యిల దగ్గర పని.

మానేసేముందు వెళ్ళి అడిగాను. "ఎందుకు చెప్పారు మావయ్యా?"

ఆయన కండువా మడిచి భుజాన వేసుకున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగింది వాళ్ళేరా."

"నేను రోజూ అడిగాను కదండీ."

"నువ్వు పార పట్టుకుని అడిగావు. వాళ్ళు పుస్తకం తెరిచి రాసుకున్నారు."

ఆయన నేర్పిన పనితోనే ఇవాళ్టికీ అన్నం తింటున్నాను, కాదనను. కానీ మోసపోయాననే బాధ ఆయన్ని సాగనంపి వచ్చాక కూడా తగ్గలేదు. మూడేళ్ళు ఆయన వీధి తొక్కలేదు. అయినా లోపల చిన్న ఆశ ఉండేది. గుర్రు సంగతి మాత్రం వాళ్ళకి చెప్పి ఉండరు, అదొక్కటీ నాకోసం ఉంచి ఉంటారు అని.

దహనం అయ్యాక, పాతవాళ్ళకి కబురు చెబుదామని మిల్లుకి వెళ్ళాను. బాయిలర్ అద్దం అవతల ఉంది, ఇవతల ఏసీ గది. "రండి సార్" అన్నాడు కొత్త ఆపరేటర్. నేను ముందు నీళ్ళు చూశాను. గాజు గొట్టం కనపడలేదు, తెర మీద ఒక నీలం గీత ఉంది.

"ఇంకొన్నాళ్ళకి ఊక కూడా ఉండదటండీ, అంతా కరెంటు ఆవిరేనట" అంటున్నాడు. అంతలో తెర మీద ఎర్రగా ఒక మాట వెలిగింది. గుర్రు.

"అదేంటండీ?" అన్నాను, తెలియనట్టు.

"ఊక తడిగా ఉంటే వస్తుంది సార్. పాత ఫైర్‌మన్ ఎవరో ఆ పేరే పెట్టమన్నారట. ఇప్పుడు కంపెనీ బాయిలర్లు పెట్టిన మిల్లులన్నిట్లో ఇదే పేరు."

వేలితో తాకాడు. లోపల ఊక దానంతటదే తగ్గింది, మాట ఆరిపోయింది. నేను అద్దానికి చెవి ఆనించి విన్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.